ఇద్దరూ ఉద్యోగస్తులే, ఇంట్లో పిల్లలు: ఏ వంట పుస్తకాలు కొనాలి, ఏ రెసిపీలు నమ్మాలి?

మీరు అడిగింది ఇదీ: భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేస్తున్నారు, ఇద్దరు పిల్లలు, సాయంత్రం ఇల్లు చేరిన గంటలోపు కంచాలు పెట్టాలి. ఫోన్లో వంట వీడియోలు కుప్పలుగా సేవ్ అయి ఉన్నాయి, అలమరాలో పుస్తకాలూ ఉన్నాయి, అయినా తిప్పి తిప్పి అవే నాలుగు వంటలు. ఏ పుస్తకాలు కొనాలి, ఏ సైట్లు చూడాలి, అరగంటలో అయిపోతుందని రాసిన వంట గంటంపావు ఎందుకు పడుతోంది? చివర్లో, వంట అసలు రాని మీవారికి ఏ పుస్తకం ఇవ్వాలని కూడా అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. మీకు కావలసినవి మూడు: వంట ఎలా జరుగుతుందో నేర్పే పుస్తకం ఒకటి, వండి చూసి రాసిన రెసిపీలు దొరికే చోటు ఒకటి, మీ చేత్తో రాసుకున్న నోటుబుక్కు ఒకటి. మొదటి రెండూ డబ్బు పెడితేనో నెట్‌లో వెతికితేనో దొరుకుతాయి. మూడోది లేకపోవడం వల్లే మీరు ఆ నాలుగు వంటల దగ్గర ఆగిపోయారు.

నా సంగతి రెండు ముక్కల్లో. వంట పుస్తకాలు అచ్చుకు వెళ్లే ముందు వాటిలోని రెసిపీలు వండి చూసి, కొలతలు, సమయాలు సరిచూడటం నా వృత్తి. సాయంత్రం ఇంటికి వెళ్లాక అందరిలాగే మా ఇంటిల్లిపాదికీ మళ్లీ వండాలి. కాబట్టి కింద చెప్పేవాటిలో సగం వృత్తి నేర్పినవి, సగం ఆకలేసిన పిల్లలు నేర్పినవి.

ముందు ఆ "30 నిమిషాల" సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే ఏ పుస్తకం మంచిదో తెలియాలంటే ఇది తెలియాలి. ఏదైనా రెసిపీలో కావలసిన పదార్థాల జాబితా తీసి చదవండి. "సన్నగా తరిగిన ఉల్లిపాయలు 4, ఒలిచిన వెల్లుల్లి 10 రెబ్బలు, ఉడికించిన బీన్స్ 2 కప్పులు, చల్లారిన అన్నం 3 కప్పులు." తరిగిన, ఒలిచిన, ఉడికించిన, చల్లారిన. ఈ నాలుగు మాటల్లోనే ముప్పావుగంట పని దాక్కుని ఉంది. రాసినాయన గడియారం మాత్రం మూకుడు పొయ్యి మీద పెట్టినప్పటి నుంచి మొదలవుతుంది. మీ గడియారం ఉల్లిపాయ తొక్క తీయడంతో మొదలవుతుంది. పైగా రాసేవాళ్లలో చాలామంది రోజంతా కత్తి పట్టుకునేవాళ్లు. వాళ్లు నిమిషంలో తరిగే ఉల్లిపాయకి మామూలు మనిషికి మూడు నిమిషాలైనా పడుతుంది.

రెండో మోసం ఉల్లిపాయల వేపుడు దగ్గర జరుగుతుంది. "ముదురు గోధుమ రంగు వచ్చేదాకా 5 నిమిషాలు వేయించండి" అని ఎన్ని పుస్తకాల్లో చూశానో. అయిదు నిమిషాల్లో ఉల్లిపాయ మెత్తబడుతుంది, అద్దంలా అవుతుంది, అంతే. ఉల్లిపాయలో ఎక్కువ భాగం నీళ్లే. ఆ నీళ్లు ఆవిరైపోయేదాకా ముక్క వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, రంగు మారాలంటే అంతకు మించి వేడి కావాలి. సన్నటి సెగ మీద, మాడకుండా, లోపలి దాకా తియ్యగా మారేలా వేగాలంటే 40 నిమిషాలు, ఎక్కువ వేస్తే ఇంకా పైనే. ఏదైనా పుస్తకంలో ఈ ఒక్క వాక్యం నిజాయతీగా ఉందో లేదో చూస్తే చాలు, అందులోని మిగతా సమయాలను ఎంతవరకు నమ్మవచ్చో అర్థమైపోతుంది. నేను కొత్త పుస్తకం చేతిలోకి తీసుకోగానే ముందు తెరిచేది ఇలాంటి పేజీనే.

ప్రెషర్ కుక్కర్ రెసిపీలూ ఇంతే. "ప్రెషర్‌లో 8 నిమిషాలు" అంటారు. ఆవిరి పట్టడానికి పది, పదిహేను నిమిషాలు, దిగడానికి మరో పది, ఇవి లెక్కలో ఉండవు. ఇంకో మెలిక కూడా ఉంది. పొయ్యి మీద పెట్టే కుక్కర్లు సాధారణంగా 15 పీఎస్ఐ ఒత్తిడికి, అంటే లోపల దాదాపు 121 డిగ్రీల సెల్సియస్‌కి చేరతాయి. కరెంటు మల్టీకుక్కర్లు చాలావరకు అంతకంటే తక్కువ ఒత్తిడి మీద నడుస్తాయి. అందుకే పొయ్యి కుక్కర్ కోసం రాసిన సమయం మల్టీకుక్కర్లో పెడితే గింజలు పలుకుగా మిగులుతాయి. తప్పు మీ చేతిది కాదు.

ఇక పుస్తకాలు. నేను పేర్లు ఎక్కువ చెప్పను, చెప్పినవి కూడా కొని తీరాల్సినవి అనను. మూడూ ఇంగ్లీషువే, రెసిపీలు మన వంటింటివి కావు. పద్ధతి నేర్చుకోవడం కోసం చెబుతున్నాను.

పద్ధతి నేర్పే పుస్తకాల్లో నేను ముందు చెప్పేది సమీన్ నోస్రత్ రాసిన "సాల్ట్, ఫ్యాట్, యాసిడ్, హీట్". 2017లో వచ్చింది. ఉప్పు, కొవ్వు, పులుపు, వేడి, ఈ నాలుగూ వంటలో ఏం చేస్తాయో ముందు సగం చెబుతుంది, రెసిపీలు తర్వాత వస్తాయి. బిజీగా ఉండేవాళ్లకి ఇంత చదివే ఓపిక ఎక్కడిదని అడగవచ్చు. కానీ రుచి చూసి "ఏదో తక్కువైంది" అనిపించినప్పుడు ఆ ఏదో ఏమిటో తెలియడం కంటే టైమ్ ఆదా చేసేది లేదు. పదిసార్లలో ఆరేడుసార్లు అది ఉప్పో పులుపో అయి ఉంటుంది. కాస్త నిమ్మరసం పిండితే సరిపోయే చోట ఇంకో మసాలా, ఇంకో పది నిమిషాల ఉడుకు పెట్టేవాళ్లను చాలామందిని చూశాను.

రోజువారీ వంటకి మార్క్ బిట్‌మన్ పుస్తకాలు. 1998లో వచ్చిన "హౌ టు కుక్ ఎవ్రీథింగ్" నిజంగానే దిండంత ఉంటుంది, అది కొనమని అనను. అందులో నేర్చుకోవలసిన సంగతి ఒకటుంది: ప్రతి మూల వంటకం కింద ఈ కూరగాయ బదులు అది, ఈ దినుసు బదులు ఇది అని మార్పులు ఇస్తాడు. మీకు పనికొచ్చేది ఆయనదే 2014 నాటి "హౌ టు కుక్ ఎవ్రీథింగ్ ఫాస్ట్". ఇందులో తరగడాన్ని పదార్థాల జాబితాలో దాచకుండా వంటలో భాగం చేశాడు. నూనె కాగుతుండగా ఉల్లిపాయ తరుగు, అది మగ్గుతుండగా క్యారెట్ చెక్కు తియ్యి, ఇలా సాగుతుంది. హోటల్ వంటగదిలో అన్నీ చిన్న గిన్నెల్లో సర్దుకుని మొదలుపెడతారు, ఎందుకంటే అక్కడ సర్దిపెట్టేవాళ్లు వేరే ఉంటారు, గిన్నెలు కడిగేవాళ్లు వేరే ఉంటారు. ఇంట్లో మీరే అన్నీ. కాబట్టి పొయ్యి ఖాళీగా మండకూడదు, చెయ్యి ఖాళీగా ఉండకూడదు.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. ఎడ్వార్డ్ ద పొమియాన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1930లోనే పది నిమిషాల్లో వండడం మీద చిన్న పుస్తకం రాశాడు. ఆయన మొదటి సలహా: ఇంట్లో అడుగుపెట్టగానే, కోటు కూడా విప్పకముందే, పొయ్యి వెలిగించి ఎసరు పెట్టేయాలి. ఆ నీళ్లు దేనికో తర్వాత ఆలోచించుకోవచ్చు, ఎలాగూ ఏదో ఒకదానికి పనికొస్తాయి. ఇంత మంచి సలహా ఈమధ్య వచ్చిన "క్విక్ మీల్స్" పుస్తకాల్లో నాకు కనబడలేదు.

కొనే ముందు లైబ్రరీ నుంచి తెచ్చుకోండి. అందులోంచి రెండు వంటలు చేయండి. మూడోది చేయాలనిపిస్తే అప్పుడు కొనండి. పాత ఎడిషన్, సెకండ్ హ్యాండ్ కాపీ అయినా సరే, ఉడికించే పద్ధతులు ఏటేటా మారవు. లైబ్రరీ కాపీలో ఇంకో లాభం: పుస్తకాన్ని వెన్ను మీద నిలబెట్టి వదిలేస్తే ఏ పేజీ దగ్గర తెరుచుకుంటుందో చూడండి. నూనె మరకలు, పసుపు వేలిముద్రలు ఉన్న పేజీలు ఏవో చూడండి. ఆ రెసిపీలు పనిచేస్తాయని అంతకంటే గట్టి సిఫారసు ఉండదు.

షాపులో నిలబడి పది నిమిషాల్లో తేల్చుకోవాలంటే నేను చూసేవి ఇవి. సమయంతో పాటు గుర్తు కూడా చెప్పిందా? "7 నిమిషాలు ఉంచండి" అని ఊరుకుంటే చాలదు. "అంచులు గిన్నెను వదిలేదాకా, సుమారు 7 నిమిషాలు" అనాలి. మీ సెగ వేరు, మీ గిన్నె మందం వేరు. గిన్నె సైజు చెప్పిందా? 20 సెంటీమీటర్ల గిన్నెలో చేయాల్సింది 23 సెంటీమీటర్ల దాంట్లో చేస్తే అడుగు వైశాల్యం దాదాపు మూడోవంతు పెరుగుతుంది. అంటే పలచగా పరుచుకుంటుంది, త్వరగా ఇగురుతుంది, మాడే అవకాశం కూడా అంతే పెరుగుతుంది. పదార్థాలు వాడే వరుసలో ఉన్నాయా? జాబితాలో చివరన ఉన్న దినుసు మొదటి వాక్యంలోనే వస్తే, ఆ పుస్తకాన్ని ఎవరూ పక్కన పెట్టుకుని వండి చూడలేదని నేను అనుకుంటాను. ఇక వెనక సూచిక. ఇంట్లో సగం క్యాబేజీ మిగిలి ఉంటే "క్యాబేజీ" అని వెతికితే దొరకాలి. వంటకాల ముద్దుపేర్లతో మాత్రమే సూచిక వేసిన పుస్తకాన్ని చదువుకోవడానికి కొనుక్కోవచ్చు, వండుకోవడానికి వద్దు.

ఇప్పటికే అలమరాలో ఉన్న పుస్తకాలకి ఒక ఉపాయం. "ఈట్ యువర్ బుక్స్" అనే సైటుంది. మీ దగ్గరున్న పుస్తకాల పేర్లు అందులో చేర్చుకుంటే, ఫలానా కూరగాయతో మీ పుస్తకాల్లో ఏయే రెసిపీలున్నాయో చూపిస్తుంది. రెసిపీ మొత్తం ఇవ్వదు, పేరూ పదార్థాలూ చెబుతుంది, పుస్తకం మీరు తీసుకోవాలి. ప్రధానంగా ఇంగ్లీషు పుస్తకాలకే పనికొస్తుంది.

వీడియోల గురించి. నేను వాటికి వ్యతిరేకిని కాను. పిండి ఎంత మెత్తగా ఉండాలో, పాకం తీగ ఎలా సాగాలో, కత్తి ఎలా పట్టుకోవాలో పుస్తకం రెండు పేజీల్లో చెప్పలేనిది వీడియో పది సెకన్లలో చూపిస్తుంది. కానీ సాయంత్రం ఏడింటికి, చేతికి పిండి అంటుకుని ఉండగా, "ఉప్పు ఎంతన్నారు?" అని వెనక్కి జరుపుకుంటూ చూడటం నరకం. పద్ధతికి వీడియో, కొలతకి రాత. మీకు నచ్చిన వీడియోలోని కొలతలు ఒక్కసారి కూర్చుని కాగితం మీదికి దించండి. దించేటప్పుడు సగం వీడియోలకి కొలతలే లేవని తెలుస్తుంది. అవి అక్కడికక్కడే డిలీట్ చేసేయవచ్చు, సేవ్ చేసిన కుప్ప దానంతటదే తగ్గుతుంది.

సైట్లలో ఒకే వంటని రకరకాలుగా చేసి చూసి, ఎందుకు ఇలా చేశామో వివరించే సైట్లు నాకిష్టం. సీరియస్ ఈట్స్ అలాంటిది. అయితే అందులో కొన్ని వంటలు ఆదివారం పూటంతా తినేస్తాయి, చూసుకుని ఎంచుకోండి. స్టార్ రేటింగులు పట్టించుకోకండి. వండకుండానే "చూడ్డానికి అద్భుతం" అని అయిదు నక్షత్రాలిచ్చేవాళ్లు ఎక్కువ. కామెంట్లు మాత్రం చదవండి, అదీ వండినవాళ్లవి. "నాకు నీళ్లు ఎక్కువయ్యాయి" అని ముగ్గురు నలుగురు రాస్తే నీళ్లు ఎక్కువైనట్టే. నచ్చిన రెసిపీని పాప్రికా లాంటి యాప్‌లో దాచుకుంటే పైన ఉండే సొంత కథలు, ప్రకటనలు పోయి కొలతలూ పద్ధతీ మిగులుతాయి. కొలతలు రెట్టింపు చేసి చూపిస్తుంది, సరుకుల జాబితా కూడా తయారుచేస్తుంది.

ఈమధ్య చాట్‌బాట్‌ని అడిగి వండేవాళ్లు కూడా ఎక్కువయ్యారు. అది ఇచ్చే రెసిపీ ఎవరి నాలుక మీదా పడలేదని గుర్తుంచుకోండి. ఉన్న సరుకులతో ఏం చేయవచ్చో ఆలోచనలు అడగండి, కప్పుల్ని గ్రాముల్లోకి మార్చమనండి, వారం సరుకుల జాబితా రాయమనండి. కొత్త వంటకి కొలతలు మాత్రం మనిషి వండి రాసిన చోటు నుంచే తీసుకోండి.

కొలతల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, దీని మీద నాకు కాస్త పిచ్చి ఎక్కువ. కప్పు అంటే ప్రపంచమంతా ఒకటే అనుకుంటాం. అమెరికా కప్పు సుమారు 237 మిల్లీలీటర్లు, మెట్రిక్ కప్పు 250, జపాన్ కప్పు 200. టేబుల్‌స్పూన్ చాలా చోట్ల 15 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియాలో 20. ఇక పొడి పదార్థాల సంగతి చెప్పనే అక్కర్లేదు. అదే కప్పులో మైదాని చెంచాతో వదులుగా పోస్తే 120 గ్రాములు, కప్పునే డబ్బాలో ముంచి తీస్తే 150 దాకా పోతుంది. చెంచాని తలగొట్టి కొలవాలన్న పద్ధతి 1896లో ఫానీ ఫార్మర్ పుస్తకంతో బాగా ప్రచారంలోకి వచ్చింది. దానికి ముందు "గుడ్డంత వెన్న" అని రాసేవాళ్లు. ఉప్పు కూడా చూసుకోండి. మామూలు మెత్తటి ఉప్పు టీస్పూన్‌కి 6 గ్రాములు ఉంటుంది, అమెరికా రెసిపీల్లో ఎక్కువగా కనిపించే కోషర్ ఉప్పు అనే పెద్ద పలుకుల ఉప్పుల్లో పొరలు పొరలుగా ఉండే కొన్ని రకాలు అదే చెంచాకి సగమే తూగుతాయి. విదేశీ రెసిపీ చూసి వండితే ఉప్పుకషాయం అవడానికి చాలాసార్లు ఇదే కారణం. చిన్న డిజిటల్ తూకం కొనుక్కోండి. రెండు పుస్తకాల కంటే అదే ఎక్కువ ఉపయోగం. కేకులు, రొట్టెలు తప్ప మిగతా వంటలకి ఇంత కచ్చితం అక్కర్లేదు, పప్పుకూరల్లో అయిదు గ్రాముల తేడాకి ఎవరూ ప్రాణాలమీదికి తెచ్చుకోనవసరం లేదు.

ఫ్యాన్ ఉన్న ఒవెన్ అయితే రెసిపీలో మామూలు ఒవెన్‌కి చెప్పిన వేడిని 20 డిగ్రీలు తగ్గించుకోండి.

ఇప్పుడు నోటుబుక్కు. దీన్ని యాప్‌లో పెట్టుకున్నా ఫర్వాలేదు గానీ, కాగితమైతే తడి చేత్తో తిప్పవచ్చు, స్క్రీన్ లాక్ పడదు. ఇంట్లో అందరూ తిన్న వంట మాత్రమే ఇందులోకి రావాలి. ఇంటర్నెట్‌లో చూసి ఊరించినవి రాకూడదు. రాసేటప్పుడు కథంతా అక్కర్లేదు. నా నోటుబుక్కులో ఒక పేజీ ఇలా ఉంటుంది: "కోడి, బంగాళాదుంప, ఒకే ట్రే. 220 డిగ్రీలు, 40 ని. దుంపలు ముందు 10 ని. ఒంటరిగా. నిమ్మకాయ చివర్లో. చిన్నోడికి కారం లేని మూల ఎడమవైపు. రెట్టింపు చేస్తే రెండు ట్రేలు, ఒకే దాంట్లో ఇరికిస్తే ఉడుకుతాయి, వేగవు." అంతే. మూల రెసిపీలో ఈ ఎడమ మూల సంగతి ఎవరూ రాయరు, మీ ఇంటికి అసలు కావలసింది అదే.

పేజీలను కూరలు, అన్నాలు, టిఫిన్లు అని విభజించకండి. మీ ఓపికను బట్టి విభజించండి. నిలబడలేని రోజు, మామూలు రోజు, సరుకులు నిండుకున్న రోజు, శెలవు రోజు. సాయంత్రం ఆరున్నరకి "ఈరోజు ఏం వండాలి" అన్న ప్రశ్నకి జవాబు వెతికేది మీ ఒంట్లో ఎంత శక్తి మిగిలిందన్న దాన్ని బట్టే కదా. "నిలబడలేని రోజు" కింద గుడ్లు, రొట్టె, పెరుగు, ముందే ఉడికించి ఫ్రీజర్లో పెట్టిన గింజలు, వీటితో అయిపోయేవి అయిదారు ఉంటే టెన్షన్ సగం తగ్గుతుంది. కొత్త వంటని పని రోజుల్లో మొదటిసారి చేయకండి. శెలవు రోజు చేసి, నచ్చితే, ఎంతసేపు పట్టిందో మీ గడియారంతో రాసి, అప్పుడు వారం మధ్యలోకి తీసుకురండి.

పిల్లల కోసం విడిగా వండాలా అంటే, వద్దు. మూలం ఒకటే వండి చివర్లో విడదీయగలిగే రెసిపీలు వెతకండి. కారం, మసాలా, పులుపు ఆఖర్లో కలిసే వంటలన్నీ దీనికి పనికొస్తాయి.

ఒక జాగ్రత్త. రుచి విషయంలో ఏ సోర్స్‌నైనా నమ్మి చూడవచ్చు, పోతే ఒక పూట పోతుంది. భద్రత విషయంలో మాత్రం బ్లాగులనూ వీడియోలనూ నమ్మకండి, ఆహార భద్రతా సంస్థలు చెప్పేదే వినండి. ఎర్ర కిడ్నీ బీన్స్‌ని నానబెట్టకుండా నేరుగా స్లో కుక్కర్లో (సన్నటి వేడి మీద గంటల తరబడి ఉడికించే కరెంటు గిన్నె) వేయమనే రెసిపీలు ఇప్పటికీ కనిపిస్తాయి. వాటిలో లెక్టిన్ అనే విషపదార్థం ఉంటుంది, స్లో కుక్కర్ వేడికి అది పోకపోవచ్చు. కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో 30 నిమిషాలు మరిగించమని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెబుతుంది. వారానికి సరిపడా వండి పెట్టుకునే "మీల్ ప్రెప్" రెసిపీలతోనూ జాగ్రత్త. వండినది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి, మూడు నాలుగు రోజుల్లో తినేయాలి, ఆ పైన కావాలంటే ఫ్రీజర్. అన్నం అయితే ఇంకా త్వరగా చల్లార్చాలి, అందులో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. గాలి చొరబడని సీసాల్లో కూరగాయలు నిల్వచేసే పద్ధతులైతే పరీక్షించిన రెసిపీని అక్షరం మార్చకుండా పాటించాలి, అక్కడ బొటులిజం అనే ప్రాణాంతకమైన ఆహార విషప్రభావం ప్రమాదం ఉంది.

ఇక మీవారి సంగతి. ఆయనకి పుస్తకం ఇవ్వకండి, అప్పుడే కాదు. మీ నోటుబుక్కులో "మామూలు రోజు" కింద ఉన్న ఒక్క వంట ఎంచుకోమనండి. వారంలో ఒక సాయంత్రం ఆయనది, ప్రతిసారీ అదే వంట, చేయి తిరిగేదాకా. తర్వాతి వంటకి మూకుడూ పద్ధతీ అవే ఉండాలి, దినుసులు మాత్రమే మారాలి. అలా మూడు నాలుగు వచ్చాక నోస్రత్ పుస్తకం చేతిలో పెట్టండి, అప్పుడు అందులోని ప్రతి పేజీ ఆయనకి తెలిసిన వంట గురించి మాట్లాడినట్టు ఉంటుంది. ఆయన వండుతున్నంతసేపూ మీరు వంటింటి గుమ్మం దగ్గర నిలబడి సెగ తగ్గించమని చెప్పకండి. పిల్లలకి ఆకలి ఎక్కువైతే ఆ రోజుకి ముందే కాస్త పండో రొట్టెముక్కో పెట్టేయండి, మొదటి కొన్నిసార్లు భోజనం ఆలస్యమవుతుంది.